అత్తయ్యగారు అరువిచ్చిన జబ్బు

నా జబ్బు బయటపడింది తొమ్మిదో తరగతి గదిలో. నేను రాజోలు దగ్గర ఒక హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఆ రోజు బోర్డు మీద ఒక లెక్క సగం వరకూ చేసి ఆగిపోయాను. తర్వాత ఏం రాయాలో తెలియలేదు. పన్నెండేళ్ళుగా చెప్తున్న లెక్క అది. సుద్దముక్క పట్టుకుని అలా నిలబడిపోయాను. పిల్లలు ముందు నవ్వుకున్నారు, కాసేపటికి నవ్వు మానేశారు. ఎవరో పరిగెత్తి హెడ్మాస్టరుగారిని పిలుచుకొచ్చారు.

"కళ్ళు తిరిగేయా టీచరుగారూ?" అని ఆయన అడిగితే అవునన్నట్టు తలూపాను. కళ్ళు తిరగలేదు. అప్పటికి రెండు నెలలుగా నాకు నిద్ర లేదు, ఆకలి లేదు, ఎవరేం మాట్లాడినా గోడ అవతలి నుంచి వినిపిస్తున్నట్టుండేది. ఆ మాట ఎలా చెప్పాలో తెలియక, చెప్పడానికి ఓపిక లేక, ఊరుకున్నాను.

తర్వాత మంచం ఎక్కాను. స్నానం చెయ్యమంటే ఏడుపొచ్చేది. మా పాప స్కూలు నుంచి వచ్చి "అమ్మా" అంటే అటు తిరిగి పడుకునేదాన్ని. మలికిపురం నుంచి మా అమ్మ వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుని ఒకటే మాట.

"ఉద్యోగం ఉంది, బంగారంలాంటి మొగుడున్నాడు. నీకేం తక్కువే?"

మా అత్తయ్యగారు గుమ్మంలో నిలబడి విన్నారు. "తక్కువయ్యి వచ్చే జబ్బు కాదులెండి వదినగారూ. ఆ మాట ఇంక అడక్కండి" అన్నారు. అమ్మ చిన్నబుచ్చుకుని ఆ సాయంత్రమే బస్సెక్కింది.

అత్తయ్యగారి గురించి చెప్పాలి. కూలికెళ్ళే ఇంట్లో పుట్టి, మిషన్ హాస్టల్లో ఉండి చదువుకుని, టీచరుగా రిటైరైన మనిషి. మెత్తగా మాట్లాడడం ఆవిడకి చేతకాదు. పెళ్ళయిన కొత్తలో నేను ఆవిడ ఎదుట కుర్చీలో కూర్చోవడానికి కూడా భయపడేదాన్ని. "మన బతుకు అందరూ చూస్తానే ఉంటారు. ఒక్క మెట్టు జారితే చాలు, వీళ్ళింతేలే అంటారు" అనేవారు. ఆ భయం ఆవిడకి పుట్టుకతో వచ్చింది. అది లేకపోతే ఆవిడ అంత దూరం వచ్చేవారూ కాదు.

డాక్టరుకి చూపించాలన్నది ఆవిడే. అమలాపురం వద్దన్నది కూడా ఆవిడే. అక్కడైతే మనసు డాక్టరు మెట్లు ఎక్కుతుంటే ఎవరో ఒకరు చూస్తారు. గోదావరి దాటి భీమవరం వెళ్దామన్నారు. మా ఆయన కారు మాట్లాడారు. బయల్దేరే ముందు అత్తయ్యగారు నాకు తలదువ్వి, పెళ్ళిళ్ళకి కట్టే పట్టుచీర కట్టబెట్టారు. వీధిలో ఎవరో "ఎక్కడికండీ అందరూ?" అన్నారు.

"దిండి రిసార్టులో పెళ్ళండి" అన్నారు అత్తయ్యగారు.

ఆ పట్టుచీరలోనే నేను మానసిక వైద్యుడి ఎదురుగా కూర్చున్నాను. ఆయన చాలాసేపు మాట్లాడించారు. చివరికి మా ఆయన వైపు తిరిగి, ఇది డిప్రెషన్ అనీ, నయమవుతుందనీ, మందులు ఒక పక్కన పని చేస్తుంటే ఇంట్లోవాళ్ళు ఇంకో పక్కన పని చెయ్యాలనీ చెప్పారు. మా ఆయన అన్నిటికీ సరేనన్నారు. అత్తయ్యగారు మందుల చీటీ మడిచి సంచిలో పెట్టుకున్నారు.

తిరుగు ప్రయాణంలో చించినాడ బ్రిడ్జి మీదకి వచ్చాక ఆవిడ నోరు విప్పారు.

"నాకున్న థైరాయిడే నీకూ వచ్చిందని చెబ్దాం అమ్మాయ్. నీరసం, నిద్రలేకపోవడం, చిరాకు, అన్నీ దాన్లోకే వచ్చేస్తాయి. ఎవరూ మళ్ళీ అడగరు."

"అబద్ధం ఎందుకమ్మా?" అన్నారు మా ఆయన.

"రేపు స్కూల్లో ఏ పిల్లాడి తండ్రో మా పిల్లలకి ఆ టీచరు వద్దంటే నువ్వెళ్ళి నిజం చెప్పి వస్తావా?"

ఇంటికి రాగానే అత్తయ్యగారు తన థైరాయిడ్ మాత్రల ఖాళీ సీసా కడిగి ఆరబెట్టి, నా మాత్రలు అట్టల్లోంచి తీసి అందులో పోశారు. తన జబ్బు నాకు అరువిచ్చారన్న మాట. ఆ రోజు నాకది మంచి పనిలాగే అనిపించింది. ఎంత పెద్ద మనసు అనుకున్నాను.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ ఏడాది నన్ను బతికించింది మా ఇల్లే. పొద్దున్నే అత్తయ్యగారు నన్ను లేపి కాలవగట్టు మీద నడిపించేవారు. నేను రానంటే చెయ్యి పట్టుకుని లాగేవారు. మాత్ర నా నోట్లో పడి, నీళ్ళు గొంతు దిగేదాకా కదిలేవారు కాదు. గోంగూర కట్ట నా ముందు పడేసి ఆకు తుంచమనేవారు. రెండు రెమ్మలు తుంచి వదిలేస్తే "రేపు నాలుగు తుంచు" అనేవారు. మా ఆయన బ్యాంకు నుంచి వచ్చి, నేను వింటున్నానో లేదో చూడకుండా పేపరు మొత్తం చదివి వినిపించేవారు. ఒక రోజు ఆయన చదివిన ఒక వార్తలో లెక్క తప్పుందని అన్నాను. ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఉండిపోయారు.

చర్చి ఆడవాళ్ళు వంతులేసుకుని వచ్చేవారు. ఒకావిడ పనసాకుల్లో వండిన పొట్టిక్కలు తెచ్చేది, ఇంకొకావిడ చేపల పులుసు తెచ్చేది. మంచం చుట్టూ కూర్చుని ప్రార్థన చేసేవారు. "థైరాయిడ్ ఉంటే మనసు అలాగే ఉంటాది లెండి. మా ఆడపడుచు కూడా ఊరికే ఏడ్చేది" అని వాళ్ళే సర్ది చెప్పేవారు. స్కూల్లో నా పాఠాలు తోటి టీచర్లు పంచుకున్నారు. ఒక్కరు కూడా నన్ను వింతగా చూడలేదు. చూడడానికి వాళ్ళకి మేం ఏమీ మిగల్చలేదు.

ఎనిమిది నెలలకి స్కూలుకి వెళ్ళాను. మొదటి వారం అత్తయ్యగారు గేటు దాకా వచ్చి, నేను లోపలికి వెళ్ళేదాకా నిలబడేవారు.

అప్పుడు పాస్టరుగారు సాక్ష్యం చెప్పమని అడిగారు. మా చర్చిలో జబ్బు తగ్గినవాళ్ళు ఆదివారం ఆరాధనలో నిలబడి దేవుడు చేసిన మేలు చెప్పుకోవడం ఆనవాయితీ. నా కోసం అంతమంది ప్రార్థన చేశారు కాబట్టి కాదనలేకపోయాను. మైకు పట్టుకుని, థైరాయిడ్‌తో మంచాన పడ్డాననీ, దేవుడు నన్ను లేవనెత్తాడనీ చెప్పాను. అందరూ ఆమేన్ అన్నారు. కొంతమంది కళ్ళు తుడుచుకున్నారు. నా గొంతు వణికింది. అది భక్తి అనుకున్నారు.

ఆ వారంలోనే మా వీధి చివర బట్టలు కుట్టే అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో. భర్త మస్కట్‌లో డ్రైవరు. అత్తగారితో, ఇద్దరు ఆడపిల్లలతో ఇక్కడుండేది. చర్చిలో పాటలు బాగా పాడేది, ఊళ్ళో సగం మంది జాకెట్లు ఆ పిల్ల చేతివే. నా జాకెట్టు కొలతల కోసం వచ్చానంది గానీ టేపు సంచిలోంచి తియ్యలేదు.

"టీచరుగారూ, మీకు మొదట్లో ఎలా ఉండేదండి?" అంది.

"నీరసంగా ఉండేదమ్మా."

"నాకూ అలాగే ఉంటుందండి. మిషను మీద కూర్చుంటాను, కాలు ఆడదు. పిల్లలు పిలిస్తే పలకబుద్ధెయ్యదు. ఎందుకేడుస్తున్నానో తెలవదండి, ఏడుస్తానే ఉంటాను. మొన్న ఒకావిడ జాకెట్టుకి చేతులు తిరగేసి కుట్టేసేను. పదేళ్ళలో ఎప్పుడూ అలా చెయ్యలేదండి." తల దించుకుని అంది. "ఒకోసారి నేను లేకపోతే పిల్లలు బాగుంటారేమో అనిపిస్తుందండి. మీకు అలా అనిపించేదా?"

నాకు అలాగే అనిపించేది. సరిగ్గా ఆ మాటల్లోనే. వంటింట్లో అత్తయ్యగారు ఏదో దంచుతున్నారు. ఆ చప్పుడు ఆగింది.

నేను చెప్పాల్సిన మాట ఒక్కటే. భీమవరం. ఆ ఒక్క మాట నా నోట్లోంచి రాలేదు. కాగితం తీసుకుని, అత్తయ్యగారికి థైరాయిడ్ చూసే అమలాపురం డాక్టరు పేరు, ఆసుపత్రి ఎక్కడో గుర్తులు రాసిచ్చాను. నా దస్తూరి బాగుంటుంది. తప్పు దారి చూపించే కాగితం మీద కూడా బాగుంది.

"చాలా థాంక్సండి. మీరు నిలబడి చెప్తుంటే ధైర్యం వచ్చిందండి" అని కాగితం కళ్ళకద్దుకుంది.

ఆ పిల్ల వెళ్ళాక అత్తయ్యగారు వంటింట్లోంచి బయటికి రాలేదు. నేను లోపలికి వెళ్ళలేదు. దంచుడు మళ్ళీ మొదలైంది.

ఆ పిల్ల అమలాపురంలో పరీక్షలు చేయించుకుంటే ఏమీ లేదని వచ్చింది. రిపోర్టు పట్టుకుని చర్చి దగ్గర నాకు చూపించింది. "నాకేం లేదంటండి" అంటూ ఏడ్చింది. ఏమీ లేదంటే ఏడ్చిన మనిషిని అంతకుముందు నేను చూడలేదు. అప్పుడైనా చెప్పొచ్చు. చుట్టూ జనం ఉన్నారని సాకు పెట్టుకున్నాను. "ప్రార్థన చేసుకుందాం అమ్మా" అన్నాను.

ఆ రిపోర్టు ఆ పిల్ల అత్తగారి చేతికి కర్రలా దొరికింది. డాక్టరే ఏమీ లేదన్నాక ఇంకేముంది, ఒళ్ళు బరువు, పని ఎగ్గొట్టే వేషాలు. ఆ మాట మస్కట్ దాకా వెళ్ళింది. భర్త ఫోనులో తిట్టేవాడట. కుట్టుమిషను మూతపడింది. బట్టలిచ్చినవాళ్ళు గుమ్మంలోకి వచ్చి గొడవపడ్డారు. ఒక ఆదివారం చర్చిలో ప్రసంగం మధ్యలో లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదకి నడిచి వెళ్ళిపోయింది. ఆ రోజుతో ఊరు పేరు పెట్టేసింది. పిచ్చి.

నాకు పొట్టిక్కలు తెచ్చిన ఆవిడే మా వరండాలో కూర్చుని అంది. "పిల్లల్ని ఆ ఇంటి వైపు పంపకండమ్మా. అది ఎప్పుడెలా ఉంటుందో తెలీదు." పులుసు తెచ్చిన ఆవిడ అవునంది. నేను వాళ్ళకి టీ ఇచ్చాను. చక్కెర సరిపోయిందా అని కూడా అడిగాను.

కొన్నాళ్ళకి వాళ్ళన్నయ్య వచ్చి చెల్లెల్ని కొత్తపేట దగ్గర పుట్టింటికి తీసుకుపోయాడు. పిల్లల్ని మాత్రం నానమ్మ పంపలేదు.

రెండేళ్ళు గడిచాయి. నేను పాఠాలు చెప్పాను, పదో తరగతి ఫలితాలు బాగున్నాయని మెచ్చుకోలు కూడా అందుకున్నాను. మా ఇంట్లో ఆ పిల్ల మాట ఎవరం ఎత్తలేదు. ఒక మట్టల ఆదివారం చర్చి నుంచి వచ్చాక అత్తయ్యగారే ఎత్తారు. పిల్లలిద్దరూ నానమ్మ వెనకాల కొబ్బరిమట్టలు పట్టుకుని నడవడం ఆవిడ చూశారు.

"అది మనం చేసిన పనే అమ్మాయ్. సీసాలో మాత్రలు పోసింది నేనే. నువ్వొకసారి వెళ్ళి రా."

మా ఆయన వద్దన్నారు. పాప కాలేజీలో చేరబోతోంది, ఇప్పుడు ఇదంతా తవ్వడం ఎందుకన్నారు. నన్ను చంటిపిల్లలా సాకిన మనిషి ఆయన. ఆ మాట ఆయన నోట వినగానే నాకు కోపం రాలేదు, అసహ్యం వేసింది. ఆయన మీద కాదు. రెండేళ్ళుగా నేను నాలో నేను అనుకుంటున్న మాటే అది.

శనివారం పొద్దున్నే బస్సులో పి.గన్నవరం మీదుగా కొత్తపేట వెళ్ళి, అక్కడి నుంచి ఆటో ఎక్కాను. వాళ్ళన్నయ్య కొబ్బరికాయలు దింపే పని చేస్తాడు. నన్ను చూసి కంగారుపడి కుర్చీ తుడిచాడు. "ఆయ్, రండి, కూర్చోండి" అన్నాడు. చెల్లెల్ని ఎక్కడెక్కడికి తిప్పాడో చెప్పాడు. స్వస్థత కూటాలకి, తాయెత్తు కట్టేవాళ్ళ దగ్గరికి, ఎవరేది చెబితే అక్కడికి. ఆసుపత్రికి మాత్రం మళ్ళీ తీసుకెళ్ళలేదు. "అమలాపురంలో ఏమీ లేదన్నారు కదండి" అన్నాడు.

ఆ పిల్ల వెనక వసారాలో కూర్చుని ఉంది. జుట్టు పొట్టిగా కత్తిరించేశారు. నన్ను గుర్తుపట్టి లేవబోయింది. నేను చాప మీద ఎదురుగా కూర్చున్నాను. ఎలా మొదలుపెట్టాలో దారంతా అనుకుంటూ వచ్చిందేదీ గుర్తు రాలేదు.

"నాకొచ్చింది థైరాయిడ్ కాదమ్మా. నీకొచ్చిందే నాకూ వచ్చింది. భీమవరంలో మనసు జబ్బులు చూసే డాక్టరు నాకు మందులిచ్చారు. ఇప్పటికీ వేసుకుంటున్నాను. ఆ రోజు నీకు అబద్ధం చెప్పాను."

చాప అంచు పట్టుకుని ముందుకు జరిగింది.

"ఇదేనాండి? మీకూ ఇదేనా?"

"ఇదే."

"మీరు సాక్ష్యం చెప్పిన రోజు ఇంటికెళ్ళి కడుపునిండా అన్నం తిన్నానండి. ఎన్నాళ్ళకో. టీచరుగారికి తగ్గింది కదా, నాకూ తగ్గిపోద్ది అనుకున్నాను." నెమ్మదిగా చెప్పింది, ఎవరి కథో చెప్తున్నట్టు. "రిపోర్టు వచ్చేక నాది జబ్బు కాదనుకున్నానండి. నేనే చెడ్డదాన్నేమో అనుకున్నాను."

నేను చెయ్యి పట్టుకోబోతే వెనక్కి తీసుకుంది.

"అప్పుడే చెప్పుంటే నా పిల్లలు నా దగ్గరే ఉండేవోరండి" అంది. తర్వాత లోపలికి కేకేసి, "అన్నయ్యా, టీచరుగారికి బొండం కొట్టు. ఎండన పడి వచ్చేరు" అంది.

ఆ బొండం నీళ్ళు తాగాను. తాగకపోతే ఇంకా బాగోదు. జీవితంలో నేను తిన్న దెబ్బలన్నీ ఒక ఎత్తు, ఆ మర్యాద ఒక ఎత్తు.

వాళ్ళన్నయ్యని ఒప్పించి భీమవరం తీసుకెళ్ళాం. ఆ పిల్ల మందులు వేసుకుంది. వాళ్ళ వదిన, ముందు విసుక్కున్న మనిషే, డాక్టరు చెప్పింది అర్థమయ్యాక దగ్గరుండి మింగించింది. పక్కింటివాళ్ళ పాత మిషను ఒకటి తెచ్చి వసారాలో పెట్టారు. ఏడాది తిరిగేసరికి నిద్ర పట్టింది, తిండి పట్టింది, చేతులు తిరగేసి కుట్టడం పోయింది. పాట మాత్రం పాడడం లేదు.

నేను మా చర్చి స్త్రీల సమాజంలో నిలబడి నిజం చెప్పాను. అత్తయ్యగారు నా పక్కనే కూర్చున్నారు. ఆ రోజు ఆమేన్ అనేవాళ్ళు లేకపోయారు. సమాజం పెద్దావిడ, "అయ్యిపోయిన సంగతులు ఇప్పుడెందుకమ్మా" అని పాట ఎత్తుకుంది. ఆ తర్వాత నా దగ్గరికి ట్యూషనుకి వచ్చే నలుగురు పిల్లలు మానేశారు. మా ఇంటికి వచ్చేవాళ్ళు తగ్గారు. వచ్చినవాళ్ళు మాట్లాడుతూ మాట్లాడుతూ నా కళ్ళలోకి ఒకసారి చూసి, చూపు తిప్పుకునేవారు. అత్తయ్యగారు జీవితమంతా దేనికి భయపడ్డారో అదే జరిగింది. ఆవిడ ఊరిని తప్పుగా అంచనా వెయ్యలేదు.

పోయిన నెల ఆ పిల్ల తన కూతుళ్ళ కోసం మా ఊరు వచ్చింది. అన్నయ్య, నేను, అత్తయ్యగారు వెంట వెళ్ళాం. వాళ్ళత్తగారి ఇంటి ముందు కుర్చీలు వేశారు. మా చర్చి సంఘం పెద్దలు ఇద్దరు వచ్చారు. మా స్కూల్లోనే ఆరో తరగతి చదువుతున్న పెద్ద పిల్ల, తల్లి పక్కకి వచ్చి నిలబడింది. చిన్నది నానమ్మ కొంగు వదల్లేదు.

"మందులు ఆపేస్తే మళ్ళీ వస్తుందంట కదా. ఆడపిల్లల్ని ఎలా పంపుతామండి?" అన్నారు ఒక పెద్దాయన.

"నేనూ అవే మందులు వేసుకుంటున్నానండి. మీ మనవడికి లెక్కలు చెప్పేది నేనే" అన్నాను.

ఆయన నొచ్చుకున్నట్టు నవ్వారు. "మీ సంగతి వేరు టీచరుగారూ. మీకు మీవోళ్ళున్నారు."

అత్తయ్యగారు కుర్చీలోంచి లేచారు. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. "ఇది కూడా మన సంఘం పిల్లే కదండీ. మరి మనం ఎవరం దీనికి?" అన్నారు. ఒకాయన ఫోను తీసి టైము చూసుకున్నారు. కాసేపటికి, పిల్లల చదువు పాడవకూడదనీ, వేసవి సెలవులకి చూద్దామనీ తేల్చారు. లేచి వెళ్ళిపోయారు.

బస్‌స్టాండుకి నడిచి వచ్చాం. ఆ పిల్ల నాతో ముక్తసరిగానే మాట్లాడుతుంది. నన్ను క్షమించానని ఎప్పుడూ అనలేదు, నేను అడగలేదు. బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చుని, సంచిలోంచి పిల్లల కోసం కుట్టి తెచ్చిన రెండు గౌన్లు తీసి నా చేతికిచ్చింది.

"పెద్దదానికి స్కూల్లో ఇవ్వండి. చిన్నదానిది కూడా దాని చేతికే ఇవ్వండి. వచ్చే నెల మళ్ళీ అడుగుదామండి."